మూగబోయిన ఇరవై నాలుగు నిమిషాలు

"మా అమ్మాయి ముందు పెట్టిన ఆ నీళ్ళ గ్లాసు కడిగే పెట్టారంటావా తమ్ముడూ? ఎవరెవరు తాగిన గ్లాసో ఏమో. దానికసలే గొంతు తొందరగా పట్టేస్తుంది. ఇక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" అన్నాను.

నా పక్కన బల్ల మీద కూర్చున్న డిటెక్టివ్, పోలీస్ స్టేషన్ గోడ గడియారం వంక చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి టైము రాసుకున్నాడు. పదీ పది.

"అక్కయ్యగారూ, అమ్మాయి మూడు రోజులుగా నీళ్ళు సరిగ్గా తాగడం లేదు, అన్నం తినడం లేదు, నోరు విప్పడం లేదు. ముందు ఆ మూడోది చూద్దాం. అది తెమిలితే మిగతా రెండూ వాటంతటవే తెములుతాయి."

ఇతను నా తోడబుట్టినవాడేం కాదు. టెలిఫోన్ లైన్‌మాన్‌గా చేస్తున్నప్పుడు ఆరేళ్ళు మా మేడ మీది గదిలో అద్దెకున్నాడు. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ ఆఫీసు తెరుస్తానన్న రోజున, ఎవరో ఒకరు ఇతన్ని పొడిచేసిపోతారని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు అతను తప్ప నాకు దిక్కు లేదు.

గాజు తలుపు అవతల గదిలో నా కూతురు కుర్చీలో కూర్చుని ఉంది. మంగళవారం వేసుకున్న బట్టలే. మోకాళ్ళ దగ్గర దుమ్ము అలాగే ఉంది. జడ కొసకి రిబ్బన్ కూడా లేదు, ఏదో గుడ్డపేలిక చుట్టుకుంది. రిబ్బన్‌కి కూడా నోచుకోలేదా నా తల్లి అనుకున్నాను. నేను చూసినప్పుడల్లా తల దించేసుకుంటోంది. తప్పు చేసినవాళ్ళే అలా దించుకుంటారని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు. కన్నదాన్ని, నాకు కూడా ఒక్కోసారి ఆ భయమే వేస్తోంది.

నా కూతురిది కంప్యూటర్లను తీగతో ఒకదానికొకటి కలిపే పని. రెండు వారాల కిందట ఒక ఆసుపత్రిలో ఆరు కంప్యూటర్లను కలిపింది. అంతకుముందు పరీక్షల గదిలో రాసిన కాగితాన్ని ఆయా వార్డుకి మోసుకెళ్ళేది. ఇప్పుడు పరీక్షల గదిలో టైపు చేస్తే వార్డులో నర్సు ముందున్న తెర మీద కనిపిస్తుంది. సోమవారం నుంచి సూపరింటెండెంట్ కాగితాలు పూర్తిగా ఆపించేశాడు. మంగళవారం మధ్యాహ్నం, కాలు విరిగి చేరిన ఒక బస్సు కండక్టరుకి పడని ఇంజెక్షన్ ఇచ్చేశారు. పడదని పరీక్షలో తేలింది. తేలినట్టు టైపు చేశానని టెక్నీషియన్ ఒట్టేస్తున్నాడు. కంప్యూటర్‌లో చూస్తే ఆ మాట లేదు. కండక్టరుకి ఇంతవరకూ స్పృహ రాలేదు. ఆ మాటని నా కూతురే కావాలని చెరిపేసిందని కేసు.

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసుతో లోపలికొచ్చాడు. డిటెక్టివ్‌ని చూడగానే నవ్వాడు.

"ఏమయ్యా లైన్‌మాన్, స్తంభాలెక్కడం మానేసి నా కేసులెక్కడం మొదలుపెట్టావా?"

"స్తంభమైనా కేసైనా ఎక్కేముందు ఒకసారి ఊపి చూడాలండీ. మీ కేసు ఊగుతోంది."

"ఎక్కడ ఊగుతోంది? కంప్యూటర్లలో ఏది రాసినా, ఏది చెరిపినా ఆ పాస్‌వర్డ్ తాళం ఈ అమ్మాయి దగ్గరే ఉంది. సోమవారం సూపరింటెండెంట్‌తో గొడవపడింది. 'కాగితం ఆపకండి, ఏదో ఒకరోజు ఎవరి ప్రాణం మీదికో వస్తుంది, అప్పుడు తెలుస్తుంది మీకు' అని నలుగురి ముందు అరిచింది. మర్నాడే వచ్చింది. మూడూ నలభై ఒకటికి మెట్లకింది గదిలో మోకాళ్ళ మీద కూర్చుని తీగతో ఏదో చేస్తూ రిసెప్షన్ ఆవిడ కంటబడింది. ఏం చేస్తున్నావని అడిగితే ఆనాటి నుంచి మౌనవ్రతం. ఇంకేం కావాలి నీకు?"

"మూడూ నలభై ఒకటికి ముందు ఏం జరిగిందో కావాలి."

"ఐదింటికి కోర్టుకి జీపు బయల్దేరుతుంది. ఈలోపు తెచ్చుకో. మధ్యలో కండక్టరు పోయాడనుకో, అప్పుడిక హత్య కేసే."

లేచి రెండు చేతులూ జోడించాను. "బాబూ, దానికేం తెలీదు. నన్ను తీసుకెళ్ళండి. నేనే చేశానని రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు తిరిగాడు. "చూశావా? మూడు రోజుల్లో ఈవిడ ఐదుసార్లు నేరం ఒప్పుకుంది. ఏ నేరమో మాత్రం ఈవిడకి తెలీదు. కూర్చోండమ్మా, కళ్ళు తిరిగి పడతారు."

గాజు అవతల నా కూతురు తలెత్తి నా వంక చూసింది. ఒక్క క్షణమే. మళ్ళీ దించేసుకుంది.

* * *

ఆసుపత్రికి చేరేసరికి పదీ యాభై. దారిలో ఆటో రెండుసార్లు సడన్‌గా ఆగింది. రెండుసార్లూ మేమే పోతామనుకున్నాను. ఇద్దరం పోతే దాన్ని ఎవరు విడిపిస్తారు అని ఆ కంగారు ఒకటి.

వార్డు నర్సు ముందే చేతులు కట్టుకుని నిలబడింది. "పోలీసులకి చెప్పిందే చెబుతాను. డాక్టర్ గారు ఇంజెక్షన్ ఇమ్మని రాశారు. నేను తెర చూశాను. 'పడని మందులు: ఏమీ లేవు' అని ఉంది. ఇచ్చాను. నా తప్పేముంది?"

"మీ తప్పని నేననలేదు సిస్టర్. ఎప్పుడిచ్చారు?"

"రిజిస్టర్‌లో ఉంది." తెరిచి చూపించింది. మూడూ పదిహేడు.

"డాక్టర్ గారు ఇమ్మని రాసిన కాగితం?"

అది మంచం దగ్గరి అట్టకి గుచ్చి ఉంది. డిటెక్టివ్ దాన్నీ రిజిస్టర్‌నీ పక్కపక్కన పెట్టాడు. డాక్టర్ సంతకం కింద మూడూ ముప్ఫై అని ఉంది.

"సిస్టర్, డాక్టర్ ఇమ్మనడానికి పదమూడు నిమిషాల ముందే ఇచ్చేశారా?"

నర్సు మొహం పాలిపోయింది. "ఛ, అలా ఎలా ఇస్తానండీ! ఆయన రాశాకే ఇచ్చాను. మందు కలపడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది."

"మరి ఈ మూడూ పదిహేడు ఎక్కడిది?"

"తెర మీద పైన మూలన టైము ఉంటుంది కదా. అది చూసి రాశాను. కొత్తగా అలాగే రాయమన్నారు, గోడ గడియారం చూడొద్దన్నారు."

"ఆ పేషెంట్ పేజీ ఎప్పుడు తెరిచారు?"

"మూడింటికే తెరిచి పెట్టుకున్నా. ఇచ్చేముందు మళ్ళీ చూశా. అదే పేజీ ఉంది."

"అదే ఉంటుంది. కదల్లేదు కాబట్టి." డిటెక్టివ్ పుస్తకంలో ఏదో రాసి గుండ్రంగా చుట్టాడు. "మీరు ఇంజెక్షన్ ఇచ్చింది మూడూ ముప్ఫై నాలుగుకి. కానీ మీ తెర మీద గడియారం మూడూ పదిహేడు దగ్గరే ఆగిపోయింది. మీరు చూసింది బతికున్న తెర కాదు సిస్టర్. పదిహేడు నిమిషాల కిందటి బొమ్మ."

నర్సు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. నాకు జాలేసింది. ఆ పిల్ల అమ్మ కూడా ఎక్కడో ఇలాగే కంగారుపడుతూ ఉంటుంది కదా అనుకున్నాను.

పరీక్షల గది వరండాకి అటు చివర. డిటెక్టివ్ నన్ను వరండాలో బెంచీ దగ్గర ఉండమని లోపలికెళ్ళాడు. బెంచీ మీద ఒకావిడ కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

"కూర్చోండమ్మా. మీవాళ్ళెవరు లోపల?"

"మా అమ్మాయి," అన్నాను, ఏమనాలో తెలీక.

"ఏమైంది?"

"మూడు రోజులుగా మాట్లాడడం లేదు."

"అయ్యో. వస్తుందిలెండి మాట. మావారూ పలకడం లేదు. కండక్టర్‌గా చేస్తారు. నేను పక్కన కూర్చుని ఆయన రూటులో స్టాపులన్నీ వరసగా చెబుతున్నాను. మధ్యలో ఒకటి కావాలని తప్పు చెబుతున్నా. ఆయనకి స్టాపు తప్పు చెబితే ఒళ్ళు మండిపోతుంది. కోపంతోనైనా కళ్ళు తెరుస్తారేమోనని." నవ్వబోయింది, కుదరలేదు. "మీరు కూడా మీ అమ్మాయికి నచ్చనిది ఏదో ఒకటి అనండి. తిట్టడానికైనా నోరు తెరుస్తుంది."

నేనెవరో తెలిస్తే ఈవిడ నన్ను ఈ బెంచీ మీద కూర్చోనిస్తుందా? అక్కడుండలేక లేచి పరీక్షల గది గుమ్మంలోకెళ్ళి నిలబడ్డాను. లోపల టెక్నీషియన్ ముప్ఫయ్యేళ్ళ మనిషి. తెల్లకోటు గుండీలు పెడుతూ తీస్తూ మాట్లాడుతున్నాడు.

"చెయ్యి ఎర్రగా వాచింది సార్. వెంటనే టైపు చేశాను, 'ఈ ఇంజెక్షన్ ఇవ్వొద్దు' అని. గోడ గడియారంలో మూడూ ఇరవై రెండైంది. సేవ్ నొక్కాను."

"మిషన్ ఏమీ అనలేదా?"

"లేదు."

"ఏమీ అడగలేదా?"

"లేదన్నాను కదా సార్."

"అడిగినా నువ్వు చెప్పవు. చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు. అవునా?" డిటెక్టివ్ గొంతు పెంచలేదు. "బయట బెంచీ మీద ఒకావిడ కూర్చుంది, చూశావా? ఆమె భర్త చచ్చిపోతే స్టేషన్‌లో ఉన్న ఆ పిల్ల జైలుకెళుతుంది. నీ మీద కేసు లేదు. ఉద్యోగం పోతుందనే కదా నీ భయం? అది నిజంగానే పోవచ్చు. ఇప్పుడు చెప్పు. మిషన్ ఏమడిగింది?"

టెక్నీషియన్ పై గుండీ ఊడి చేతికొచ్చింది. దాని వంక చూస్తూనే చెప్పాడు.

"ఇంగ్లీషులో మూడు మాటలొచ్చాయి సార్. ఏదో ఒకటి నొక్కమంది. మొదటిది నొక్కితే పని పోతుందేమోనని భయమేసింది. రెండోది నొక్కితే మళ్ళీ అవే వచ్చాయి. మూడోది నొక్కాను. పోయింది. పోయింది కదా, అయిపోయిందనుకున్నాను."

"మూడోదానికి అర్థం తెలుసా?"

"తెలీదు సార్."

"వదిలెయ్ అని. అది వదిలేసింది." డిటెక్టివ్ లేచాడు. "ఎవరూ ఏదీ చెరపలేదు. ఆ మాట అసలు ఈ గది దాటి బయటికే పోలేదు."

వరండాలోనే అతని చేతులు పట్టుకున్నాను. "అయితే అది చెరపలేదు కదా! చెరపలేదు కదా తమ్ముడూ!"

"చెరపలేదు. కానీ మాట ఎందుకు వెళ్ళలేదో చూడాలి. రండి."

* * *

మెట్లకింది గది అగ్గిపెట్టెంత ఉంటుంది. తలుపుకి తాళం లేదు. లోపల బల్ల, బల్ల మీద అన్నిటికంటే పెద్ద కంప్యూటర్, పక్కన ఒక ప్రింటర్. దాని వెనక మడతలు మడతలుగా పడిన కాగితం. పెద్ద మిషన్ వెనక నుంచి నల్లటి లావు తీగ ఒకటి గోడ వెంబడి పాకి, కిటికీలోంచి బయటికెళ్ళి, పెరటి మీదుగా వార్డు గోడకి చేరుతుంది. మంగళవారం నేను క్యారియర్ పెట్టిన బల్లే అది. దాని అడుగు తడి ఆరి గుండ్రంగా మరక కట్టింది. తుడవాల్సింది అనుకున్నాను.

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు కాగితం మడతలు విప్పాడు.

"ఇదిగో. ఈ పెద్ద మిషన్ తన దినచర్య తనే అచ్చు వేసుకుంటుంది. ఇన్‌స్పెక్టర్ దీన్ని చెత్తకాగితమనుకున్నాడు." వేలుతో చూపించాడు. "మంగళవారం మూడూ పదిహేడు, ఐదు మిషన్లూ పలకడం లేదు. మూడూ నలభై ఒకటి, ఐదూ పలుకుతున్నాయి. ఇరవై నాలుగు నిమిషాలు. అమ్మాయి మూడూ నలభై ఒకటికి ఇక్కడ చేసింది పాడు చేయడం కాదు అక్కయ్యగారూ, బాగు చేయడం."

"ఐదూ ఒక్కసారే ఎలా ఆగుతాయి? ఒకటి పీకితే ఒకటే కదా ఆగాలి?" అన్నాను.

"అందరూ అలాగే అనుకుంటారు. ఫోన్ అయితే ఇంటింటికీ వేరే తీగ, మీ ఇంట్లో తెగితే మీకే పోతుంది. ఇది అలా కాదు. ఆరు మిషన్లకీ ఒకటే తీగ. ఆరుగురు వరసగా చేతులు పట్టుకుని నిలబడినట్టు. ఒకరి చెవిలో మాట రెండోవాళ్ళకి, రెండోవాళ్ళ నుంచి మూడోవాళ్ళకి. రెండు కొసల్లో ఇదిగో, ఇలాంటి చిన్న బిరడాలు. మధ్యలో ఎక్కడ చెయ్యి వదిలినా మొత్తం వరసకి నోరు పడిపోతుంది."

మిషన్ వెనక తీగ బిగించిన చోటు చూపించాడు. అక్కడ ఇనప మూత ఒకటి ఉంది. సీసా మూతలా కొంచెం తిప్పితే ఊడి వస్తుంది.

అతను ఆ తీగని చేతుల్లోకి తీసుకున్నాడు. కొసకి జానెడు దూరం దాకా అది తిన్నగా లేదు. మూడు చుట్లు చుట్టి గట్టిగా బిగిస్తే మిగిలే వంకరలు అందులో మిగిలాయి. ఇనప మూత గాడిలో ఏదో చిక్కుకుంది. గోటితో లాగాడు. దారప్పోగు. నీలం రంగుది.

దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. రిసెప్షన్ ఆవిడని కేకేసి పిలిచాడు.

"అమ్మా, మంగళవారం వాన పడిందా?"

"వానెక్కడండీ. చినుకు కూడా లేదు. ఒక్క ఉరుము మాత్రం ఉరిమింది, భవనం కూలిందేమో అన్నట్టు. మూడుంబావు దాటాక."

ఆవిడ వెళ్ళిపోయింది. డిటెక్టివ్ నా వంక చూడలేదు. ఆరేళ్ళలో ఇతను నాతో నా మొహం చూడకుండా మాట్లాడింది లేదు.

"అక్కయ్యగారూ, నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు ఉరిమితే చాలు, మేడెక్కొచ్చి నా రేడియో కూడా పీకేసేవారు, గుర్తుందా?"

"పిడుగు పడదూ మరి? తీగ వెంబడి లోపలికొస్తుంది. మా పిన్నిగారింట్లో..."

"పీకేసి ఊరుకునేవారు కాదు. నేల మీద ఆనకూడదని మూడు చుట్లు చుట్టి పేలికతో ముడేసేవారు. స్కూలు యూనిఫారాలు కుట్టగా మిగిలిన పేలికలు. మీ నడుం సంచీలో ఎప్పుడూ ఉండేవి." జేబులోంచి పుస్తకం తీశాడు. "మంగళవారం మీరిక్కడికి ఎన్నింటికొచ్చారు?"

నేను ఆ బల్ల మీద మరక వంకే చూస్తున్నాను.

మూడుంబావుకొచ్చాను. మూడైనా తినదు అది, పనిలో పడితే ఆకలి తెలీదు దానికి. నీరసమొచ్చి ఎక్కడో పడిపోతుందని క్యారియర్ పట్టుకొచ్చాను. గదిలో లేదు. క్యారియర్ బల్ల మీద పెట్టాను. అప్పుడే ఉరిమింది. కిటికీలోంచి ఆరుబయటికి పోయే నల్ల తీగ కనిపించింది. పిడుగు ఆ తీగ పట్టుకుని తిన్నగా నా కూతురు కూర్చునే కుర్చీ దగ్గరికే వస్తుంది కదా అనిపించింది. పెద్ద స్విచ్ మీద 'ఆపవద్దు' అని దాని చేతిరాతతోనే కాగితం అంటించి ఉంది, అందుకని దాని జోలికి పోలేదు. తీగ లాగితే రాలేదు. తిప్పితే వచ్చింది. చుట్టి, ముడేసి, మిషన్‌కి దూరంగా పెట్టాను. బిడ్డకి ఆపద తప్పించానని గుండె మీద చెయ్యేసుకుని ఇంటికి పోయాను.

మూడు రోజుల్లో ఒక్కసారైనా ఆ సంగతి నాకు గుర్తుకు రాలేదు. ఎందుకొస్తుంది? ఉరిమినప్పుడల్లా చేసే పనే కదా. తలుపు గడియ వేసినట్టు, పొయ్యి ఆర్పినట్టు. ఆ గదిలో తీగకీ ఎక్కడో ఉన్న కండక్టరు ప్రాణానికీ ముడి ఉంటుందని నాకెవరు చెప్పారు?

"తమ్ముడూ," అన్నాను. "నేనా?"

"మీరు అనుకున్నది తప్పు కాదండీ," అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. "పిడుగు నిజంగా అలాగే వస్తుంది. స్తంభాల మీద నేను చూశాను."

అతను నన్ను ఓదార్చాలనే అన్నాడు. ఆ మాటతో నాకు ఏడుపు కూడా రాకుండా పోయింది.

అప్పుడర్థమైంది, అది నన్ను చూసినప్పుడల్లా ఎందుకు తల దించుకుంటోందో. మూడూ నలభైకి పరుగున వచ్చి చూస్తే బల్ల మీద నా క్యారియర్, తీగకి నా ముడి. ఇంకెవర్ని అడగాలి అది?

బయటికొస్తూ బెంచీ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఖాళీగా ఉంది. వార్డు తలుపు సందులోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది, స్టాపుల పేర్లు ఒక్కొక్కటే.

* * *

స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి నాలుగూ పది. కాగితాలకి సంతకాలు, టెక్నీషియన్ చేత రాయించడం, అన్నిటికీ అంత టైము పట్టింది. డిటెక్టివ్ అన్నీ బల్ల మీద పరిచాడు. నర్సు రిజిస్టర్ నకలు, టెక్నీషియన్ రాసిచ్చింది, ప్రింటర్ కాగితం.

ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాడు. మనిషి తెలివితక్కువవాడు కాదు. అదే నా భయం.

"సరే లైన్‌మాన్. చెరపలేదు, ఒప్పుకున్నా. తీగ ఊడింది. ఊడదీసింది ఈ అమ్మాయే అని ఇప్పుడు నేనంటాను. మూడింటి నుంచి మూడూ నలభై దాకా ఎక్కడుంది?"

"మందుల గదిలో మిషన్ సరిచేయడానికి వెళ్ళిందని రిసెప్షన్ ఆవిడ చెప్పింది."

"చూసినవాళ్ళు?"

"మందులిచ్చే ఆయన భోజనానికెళ్ళాడు. ఎవరూ లేరు."

"చూశావా? తనే పీకింది, 'నేను చెప్పలేదా' అని సూపరింటెండెంట్‌కి చూపించడానికి. పని ముదిరేసరికి తనే మళ్ళీ పెట్టింది. నువ్వు నా కేసుని పడగొట్టలేదయ్యా, నిలబెట్టావు. ఇందాక ఊగుతోందన్నావు, ఇప్పుడు ఊపి చూడు."

"నేను పీకాను," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ తలెత్తలేదు. "ఆరోసారి."

"ఒట్టు బాబూ. ఈసారి నిజంగా. ఉరిమింది. పిడుగు పడుతుందని తీగ తిప్పి తీసేశాను. పేలికతో ముడేశాను. మూడు చుట్లు. నీలం పేలిక."

"పొద్దున ఏం చేశారో తెలీకుండానే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇతను దగ్గరుండి అన్నీ నేర్పించి తీసుకొచ్చాడు. తల్లులందరూ ఇదే చెబుతారమ్మా. మా అమ్మయినా ఇదే చెబుతుంది. ఏదీ ఆ పేలిక? చూపించండి."

డిటెక్టివ్ దారప్పోగు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి నిట్టూర్చాడు. "మా కానిస్టేబుల్ సంచీ కూడా నీలమేనయ్యా. ఇంటికెళ్ళి ఇంకో పేలిక తెస్తారు, అదీ నీలమే. ఆ రోజు ఆ తీగకి కట్టింది కావాలి నాకు. దాన్ని విప్పింది ఒక్కరే. ఆ ఒక్కరూ మాట్లాడరు."

నా జన్మలో ఇన్నిసార్లు అబద్ధంగా ఒప్పుకుని, నిజమైన ఒక్కసారి నమ్మించలేకపోయాను. గోడకేసి తల బాదుకోవాలనిపించింది. బాదుకున్నా అదీ నాటకమే అంటాడు.

నాలుగూ ముప్ఫై ఆరుకి మమ్మల్ని ఆ గదిలోకి పోనిచ్చారు. నా కూతురికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్ తలుపుకి ఆనుకుని, డిటెక్టివ్ గోడ పక్కన.

"తల్లీ," అన్నాను. "నాకు తెలిసిపోయింది."

అది కదల్లేదు.

"నా గురించి భయపడకు. భయపడడం నా పని, అది నాకు వదిలెయ్యి. నాకు జైల్లో ఏమీ కాదు. కుట్టుపని ఉంటుందట అక్కడ. నీకైతే ఇంకా బోలెడంత జీవితం..." కుర్చీ ముందుకి జరుపుకున్నాను. "చెప్పమ్మా. ఎవరు పీకారో చెప్పు."

డిటెక్టివ్ అన్నాడు, "అమ్మాయ్, నువ్వు నోరు మూసుకుంటే ఇది కావాలని చేసిన నేరం. తెరిస్తే ప్రమాదం. కాగితం ఆపేసినవాడు కూడా అప్పుడు జవాబు చెప్పుకోవాల్సొస్తుంది. నువ్వు మౌనంగా ఉంటే మీ అమ్మతో పాటు అతన్నీ కాపాడుతున్నావు."

గోడ గడియారం ముల్లు కదిలిన చప్పుడు వినిపించింది. ముప్ఫై ఎనిమిది. దాని వేళ్ళు బల్ల అంచు పట్టుకుని తెల్లబడ్డాయి. నలభై. నచ్చనిది ఏదైనా అనమంది కండక్టరు భార్య. నాకేమీ తోచలేదు. దానికి నచ్చనిది నా భయమొక్కటే, అది రోజూ అంటూనే ఉన్నాను.

పక్క గదిలో ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళి ఎత్తాడు. "ఊ" అన్నాడు. మళ్ళీ "ఊ" అన్నాడు. చాలాసేపు వింటూ నిలబడ్డాడు. తిరిగొచ్చినప్పుడు అతని గొంతులో వెటకారం లేదు.

"ఆసుపత్రి నుంచి. కండక్టరుకి మళ్ళీ ఫిట్స్ మొదలయ్యాయి. నాడి దొరకడం లేదంటున్నారు." కుర్చీ లాక్కుని నా కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "ఇక నా చేతుల్లో కూడా ఏమీ ఉండదమ్మాయ్. ఒక్కసారే అడుగుతాను. ఆ తీగ ఎవరు పీకారు?"

బయట జీపు స్టార్ట్ చేశారు. నలభై మూడు.

నా కూతురు రెండు చేతులూ వెనక్కి పెట్టి జడని భుజం మీంచి ముందుకి తెచ్చుకుంది. కొసన ఉన్న ముడి విప్పసాగింది. అది గట్టి ముడి, తొందరగా రాలేదు. మూడు రోజులుగా దాని వాచీ, సంచీ, జేబుల్లో మరమేకులు అన్నీ పోలీసులు రాసుకుని తీసుకున్నారు. జడకున్న పేలికని ఎవరూ పట్టించుకోలేదు. దాని మొహం వంకే చూస్తూ ఏడ్చిన నేనూ గుర్తుపట్టలేదు. జడ విడిపోయింది. జానెడు నీలం గళ్ళ పేలిక, యూనిఫారం గుడ్డది, ఒక అంచున నేను కత్తెర వంకరగా పోనిచ్చింది, తీసి బల్ల మీద పెట్టింది. మడతలు పోయేట్టు అరచేత్తో రాసింది.

తర్వాత నోరు తెరిచింది. మూడు రోజులు వాడని గొంతు గీసుకుపోయి వచ్చింది.

"మా అమ్మకి ఉరుమంటే భయమండీ."